మోదుగులు పూచు దినము

పూలతోటను చూడబోవువారు తోట యెక్కడ నున్నదని యడిగి తెలిసికొందురు గాని, పూత యెప్పుడుండునని యడుగుట మఱతురు. తోట యేడాది పొడుగునను అచ్చటనే యుండును. పూవు మాత్రము రెండు మూడు వారములుండి పోవును. ఆ వారములు దాటిపోయినచో మరల నేడాది కాచుకొనవలసినదే.

మన మైలవరము చుట్టుప్రక్కల వసంతోద్యానమని చెప్పదగినది మనుష్యులు నాటినది కాదు. ఇచ్చటనుండి దక్షిణముగ కొండపల్లి వైపు పోవు పెద్దదారి కిరుప్రక్కలను, చేలగట్ల మీదను, గుట్టల మొదళ్లయందును, వాగుల యొడ్డునను మోదుగుచెట్లు చెదరియున్నవి. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి మన జిల్లాకు పేరు మాఱినది. అయినను ముసలివారు దీనిని కృష్ణా మెట్ట యనియే పిలుతురు. మెట్ట యన్న మాటలో నున్న ఎండయు, ఱాయియు మోదుగునకు సరిపడినవి. పదునొకండు నెలలు ఆ చెట్టును ఎవ్వరును తలయెత్తి చూడరు. వంకర మ్రాను, దుమ్ము పట్టిన ఆకు, అంతే. మాఘము వెళ్లి ఫాల్గునము వచ్చునప్పటికి ఆకంతయు రాలి, బోసికొమ్మల నిండ ఎఱ్ఱని పూవు పుట్టును. అప్పుడు దూరమునుండి చూచువారికి కొండచఱియకు చిచ్చు తగిలినట్లు తోచును.

ప్రతి సంవత్సరము జనవరి సెలవులు కాగానే మన విద్యార్థులు నన్నడుగు ప్రశ్న యొకటే. “మాస్టారూ, మోదుగుపూలు చూడటానికి ఏ శనివారం వెళదాం?” దీనికి ఒక్కమాటలో ప్రత్యుత్తరము చెప్పజాలను. కావున ఈ పత్రికా ముఖమున కొంత వివరముగ వ్రాయుచున్నాను. తల్లిదండ్రులును దీనిని చదువుదురుగాక. పిల్లల కనుమతి నీయవలసినవారు వారే గదా.

చాలమంది చెప్పు సమాధానము, హోళీ పున్నమనాడు పొమ్మని. మోదుగుపూలను కాచి వసంతములాడు ఆచారము పూర్వమునుండి యుండుటచే, పూతయు పండుగయు ఒకేనాడు వచ్చునని వారి నమ్మిక. ఇది కొన్నియేండ్లు నిజమగును, కొన్నియేండ్లు కాదు. లెక్క చూడుడు. ఫాల్గున పూర్ణిమ 2023లో మార్చి 7వ తేదీని వచ్చెను. 2024లో మార్చి 25వ తేదీకి జరిగెను. 2025లో మార్చి 14వ తేదీకి వెనుకకు వచ్చెను. చాంద్రమాన సంవత్సరమునకు 354 దినములు, సూర్యుని ననుసరించు సంవత్సరమునకు 365. ఏటికి పదునొకండు దినములు తఱుగుపడుచుండును. ఆ తఱుగు ఇంచుమించు ముప్పదిరెండు ముప్పదిమూడు నెలలకు ఒక మాసమై పెరుగునప్పుడు పంచాంగకర్తలు అధికమాసము వేసి సరిచేయుదురు. 2023లో అధిక శ్రావణము వచ్చినది. అందువలననే మఱుసటి యేటి హోళీ అంత దూరము జరిగెను. ఈస్టరు పండుగ మార్చి 22వ తేదీ మొదలు ఏప్రిల్ 25వ తేదీ వఱకు ఊగులాడుటకును చంద్రుని లెక్కయే కారణము. చెట్టునకు అధికమాసము లేదు. దాని చూపు ఎండమీదను, వేళ్లక్రింది చెమ్మమీదను గలదు. హోళీనాడు పోయి రాలిన పూలను మాత్రము చూచి వచ్చినవారును, విప్పని మొగ్గలను చూచి వచ్చినవారును మన యూరనే కలరు.

ఇంగ్లీషు తేదీని నమ్ముకొందమా యన్నచో, అదియు కొంతవఱకే. నేను గమనించినంతలో ఈ ప్రాంతమున ఫిబ్రవరి కడపటి వారమునుండి మార్చి నడుమ వఱకు పూత నిండుగ నుండును. కాని బుడమేరు పుట్టు ఈ కొండలలో వాన పడిన తీరునుబట్టి అది ముందు వెనుకలగును. వానలు కార్తికమువఱకు సాగిన యేట నేలలో చెమ్మ నిలిచి ఆకు ఆలస్యముగ రాలును. ఆకు రాలనిది పూవు రాదు. ఒకే యేట, ఒకే యూరను గూడ ఱాతినేలమీది చెట్టు ముందు పూచును, వాగొడ్డు చెట్టు వెనుక పూచును. ఇది యొక మేలు. మొదటి శనివారము పోలేనివారు రెండవ శనివారము వాగు వెంబడి పోవచ్చును.

మనుష్యులు నాటిన తోటలకు ఈ చిక్కు తక్కువ. బెంగుళూరి లాల్‌బాగులో పుష్పప్రదర్శనము గణతంత్రదినమునకును, స్వాతంత్ర్యదినమునకును జరుగును. ఆ దినములకు పూయునట్లుగ తోటమాలులు నెలల ముందునుండి కుండీలలో మొక్కలను పెంచుదురు. శ్రీనగరములో దాల్ సరస్సు దాపున నున్న ట్యూలిప్ తోటలో శరత్కాలమున దుంపలు పాతి, వసంతమున కొన్ని వారములు మాత్రము ద్వారములు తెఱతురు. ముందు పూచు జాతులను, వెనుక పూచు జాతులను కలిపి నాటి ఆ వారములను పొడిగింతురు. అచ్చట పూవు మనుష్యుని తేదీకి వచ్చును. కొండపల్లి యడవిలో తోటమాలి లేడు. పూవు తేదీకి మనుష్యుడు పోవలెను.

ఈ విషయమున మనకంటె ఎక్కువ శ్రద్ధ చేసినవారు జపానుదేశస్థులు. క్యోటో నగరమున చెర్రీచెట్లు నిండుగ పూచిన దినములు 9వ శతాబ్దినుండి రాజాస్థానపు దినచర్యలలోను, మఠముల వ్రాతలలోను దొరకుచున్నవి. మునుపు ఏప్రిల్ నడుమ పూయుచుండిన ఆ చెట్లు 2021లో మార్చి 26వ తేదీకే నిండుగ పూచినప్పుడు, పండ్రెండువందల యేండ్ల ఆ పట్టికలో అంతవఱకు అంత ముందుగ పూచిన యేడు లేదని శాస్త్రజ్ఞులు చెప్పిరి. భూమి వేడెక్కుచున్నదనుటకు పూలు వ్రాసియిచ్చిన సాక్ష్యమది. టోక్యోలో యసుకుని ఆలయ ప్రాంగణమున నొక చెర్రీచెట్టును గురుతుచెట్టుగ నియమించియున్నారు. వాతావరణశాఖ యుద్యోగి వచ్చి దానిమీద ఐదారు పూలు విప్పియుండుట చూచినగాని నగరమున పూత ప్రారంభమైనదని ప్రకటింపరు. మఱియు, ఫిబ్రవరి 1వ తేదీనుండి ప్రతిదినపు అధికోష్ణమును కూడుకొనుచు పోయి 600 డిగ్రీలగునప్పటికి చెర్రీ పూయునని వారిలో నొక మోటులెక్క గలదు. మన ఎనిమిదవ తరగతి బాలుడొకడు దీనిని విని మైలవరమునకు లెక్క కట్టెను. ఇచ్చటి ఎండకు పదునెనిమిది దినములకే 600 నిండెను! చలి తగ్గుటకై కాచుకొను చెట్టు లెక్క, చెమ్మ తగ్గుటకై కాచుకొను చెట్టునకు పనికిరాదని వానికి చెప్పితిని. వాడు కూడిక చేసినందుకు మాత్రము సంతోషించితిని.

అయినను గురుతుచెట్టు మాట బాగున్నది. మాకు నొక గురుతుచెట్టు గలదు. దానిని నియమించినది వాతావరణశాఖ కాదు, మా పెద్దమ్మ.

మా పెద్దమ్మ విస్తళ్లు కుట్టి మమ్ములను పెంచినది. నాకు ఆఱేండ్లప్పుడు మా అమ్మ గతించుటచే నేనును నా చెల్లెలును ఆమె పంచ చేరితిమి. ఆ పనిని చూడని పట్నపు పిల్లలకొఱకు కొంచెము చెప్పెదను. మోదుగునకు ఆకు మూడేసి రెక్కలుగ వచ్చును. వైశాఖములో క్రొత్తయాకు వచ్చి లేతదనము పోయి, ఇంకను ముదురక మునుపు కోయవలెను. ఎండబెట్టి, దొంతులుగ పేర్చి, పైన బరువుపెట్టి అదిమి, కట్టలు కట్టి అటుకమీద దాచవలెను. కుట్టబోవు ముందు నీళ్లు చిలికి మెత్తపఱచి, సన్నని పుల్లలతో ఆకునకు ఆకును గ్రుచ్చుచు గుండ్రముగ త్రిప్పవలెను. మా పెద్దమ్మ మాటలాడుచునే చేతివైపు చూడకుండ ఒక విస్తరిని ముగించెడిది. నూఱు విస్తళ్లు ఒక కట్ట. ఆ కట్టలు మైలవరపు అంగళ్లకును, పెండ్లివారి యిండ్లకును పోయెడివి.

ఇప్పుడు కాలము చూడుడు. పెండ్లిండ్లు మాఘ ఫాల్గునములలో మెండు. విస్తళ్లకు గిరాకి అప్పుడే. చెట్టుమీది ఆకు పెళుసై, పురుగు తిని, తుదకు రాలిపోవునదియు అప్పుడే. అటుకమీది కట్టలు పుష్యము దాటునప్పటికి పలుచబడెడివి. కావున లోకమునకు వేడుకగు ఆ పూలనెల మా యింట కొఱతనెల. చెట్టు ఎఱ్ఱబడినదనగా క్రొత్తయాకునకు ఇంకను రెండు నెలలు పట్టునని యర్థము. ఆ రెండు నెలలు పెద్దమ్మ మిరపచేలలో కూలికి పోయెడిది. చేను లేనినాడు మేము గంజి త్రాగి బడికి వచ్చెడివారము.

కాబట్టి పూత యెప్పుడు వచ్చునో ఆమెకు తెలియవలసి యుండెను. తెలిసినయెడల ఉన్న ఆకును పొదుపుగ వాడి, పెండ్లివారికి మాట యీయవచ్చును. తెలియనియెడల బయానా తీసికొని సరకు లేక మాట పడవలెను. ఆమె సంక్రాంతి వెళ్లిననాటినుండి చెఱువుకట్ట మీది యొక చెట్టు కడకు పోయి, క్రింది కొమ్మ ఆకు నొకదానిని త్రుంచి మడచి చూచెడిది. ఆకు మడతపడి లేచినచో ఇంకను ఇరువది దినములు. మడతచోట తెల్లని గీత పడినచో పది దినములు. పటుక్కున విఱిగినచో మఱునాడు అటుకమీది కట్టలు లెక్కపెట్టుకొనెడిది. తరువాత మొగ్గను చూచెడిది. మోదుగుమొగ్గ మొదట నల్లని మఖమలు గుడ్డవంటి తొడుగులో నుండును. ఆ నలుపు చీలి నిప్పుబొట్టు కనబడిననాటినుండి వారము, ఎనిమిది దినములకు చెట్టు నిండును. ఆమె చెప్పిన దినము రెండు మూడు దినములకు మించి తప్పుట నేనెఱుగను. పంచాంగము తెలిసినవారును, వార్తాపత్రిక చదువువారును ఆమెవలె చెప్పలేకపోవుటకు కారణము తెలివి తక్కువయై కాదు. వారికి తప్పినచో ఒక విహారము పోవును. ఆమెకు తప్పినచో మా గంజి పోవును.

నాకు ఉద్యోగమైన తరువాత ఒక మాఘమున, “పెద్దమ్మా, ఈ యేడు పూలు చూడటానికి పోదాం. ఏనాడో నువ్వే చెప్పు” అంటిని. ఆమె నవ్వెను. “ఆకు లేని చెట్టులో చూసేదేముంది నాయనా?” అనెను. అయినను నా మాట కాదనక చెఱువుకట్టకు పోయి, ఆకు మడచి, మొగ్గ గిల్లి చూచి, “ఎండ ఇట్లాగే కాస్తే తొమ్మిది రోజులు” అని చెప్పెను.

పదవనాడు ఆటోలో బయలుదేరితిమి. ఆమెకు డెబ్బది దాటినవి. మోకాళ్లు పట్టుకొనిపోయినందున కొండ యెక్కనీయక, దారిప్రక్క గుట్టమొదట నున్న చెట్లగుంపుకడ దింపితిని. తెల్లవాఱి యొక గంటయైనది. ఎండ చెట్ల వెనుకనుండి వచ్చుచు ప్రతి పూరెక్కను లోపలనుండి వెలిగించుచుండెను. క్రింద నేలయంతయు పూలే. ఆమె ఒక మొదటికానుకొని కాళ్లు చాచుకొని కూర్చుండెను. చాలసేపు మాటలాడలేదు. ఒడిలో పూలు రాలుచుండగా వానిని దులుపుకొనలేదు. తుదకు, “ఇన్నేళ్లూ దీన్ని తిట్టుకున్నానురా. తలెత్తి చూడనేలేదు” అనెను. నాకు బదులేమి చెప్పవలెనో తోచలేదు. ఆమెయు బదులు కోరినట్లు లేదు. వెంటనే లేచి, కొమ్మలు పరీక్షించి, “దీన్ని ఎవరూ నరకలేదు. వైశాఖంలో ఆకు బాగా దిగుతుంది” అని ఆనవాలుగ మొదట నొక ఱాయి పెట్టెను. ఇంటికి తెచ్చిన పూలను నీళ్లలో కాచి, పటిక వేసి, నా కూతురి తెల్లగౌనును ముంచి తీసెను. పసుపుకును నారింజకును నడుమనున్న ఆ రంగు చాల ఉతుకులవఱకు నిలిచినది. పెద్దమ్మ గతించి నాలుగేండ్లైనది. చెఱువుకట్ట మీది చెట్టును ఇప్పుడు నేను చూచుచున్నాను.

ఇక పోవు గడియను గూర్చి. ఉదయమున ఏడింటికి చెట్టు క్రింద నుండవలెను. తొమ్మిది దాటినచో ఎండ చూపును మింగును, పక్షులును లేచిపోవును. ఈ పూవునకు పక్షులే చుట్టములు. తేనెపిట్ట, గోరువంక, కాకి, ఉడుత, అన్నియు తేనెకొఱకు వచ్చి, మొగమున పుప్పొడి పూసికొని మఱియొక చెట్టునకు మోయును. చిలుక మాత్రము పూవునే కొఱికి పాఱవైచును. పూవు చిలుకముక్కువలె నుండుటచే సంస్కృతమున దీనికి కింశుకమని పేరు. ఇది చిలుకయా యేమి యని యర్థము. చదువులేని యందగాండ్రను వాసనలేని కింశుకములతో పోల్చు నీతిశ్లోకమును మన తెలుగు పండితులు ప్రతి తరగతిలోను చెప్పుదురు. చదువు మాట నిజమే. చెట్టునకు మాత్రము అన్యాయము జరిగినదని నా యభిప్రాయము. వాసన తుమ్మెదలను పిలుచుటకు. మోదుగు పిలుచునది పక్షిని. పక్షి రంగును చూచి వచ్చును. వచ్చు చుట్టమునకు తెలియని భాషలో పిలువకపోవుట తప్పగునా?

చెట్టు క్రింద కూర్చున్నప్పుడు పిల్లలకు చెప్పుటకు కథలకు లోపము లేదు. 1757లో క్లైవు యుద్ధము చేసిన ప్లాసీకి ఆ పేరు పలాశవృక్షములవలన వచ్చినదని చెప్పుదురు, పలాశమనగా మోదుగే. సామర్లకోటలో తోట పెంచి మన మొక్కలను పరిశీలించిన రాక్స్‌బర్గ్ వైద్యుడు కోరమండల తీరపు మొక్కలనుగూర్చి ప్రకటించిన గ్రంథపు మొదటి సంపుటము 1795లో వెలువడెను. అందు ఈ చెట్టు బొమ్మ గలదు. దాని శాస్త్రనామమైన బ్యూటియా అనునది ఇంగ్లండు ప్రధానమంత్రిగ కొంతకాల ముండిన బ్యూట్ ప్రభువు పేరుమీద పెట్టినది. ఆయన ఈ చెట్టు నీడను ఎన్నడును కూర్చున్నవాడు కాడు.

కొమ్మలు విఱువరాదు, రాలిన పూలు ఒడినిండ దొరకును. ఎండుటాకు నిండిన ఆ నేలపై నిప్పుపుల్ల గీయుట మహాపరాధము. కొండపల్లి బొమ్మలకు కఱ్ఱనిచ్చు తెల్లపొణికియు ఆ కొండలదే యని మఱవరాదు. ఉపాహారమునకు కాగితపు పళ్లెములు తేవలదనియు, ఆకు విస్తళ్లనే కొని తెండనియు పిల్లలను వేడుచున్నాను. ఆ నెలలో అవి కొంచెము ప్రియముగ నుండును. ఎందువలననో ఇప్పుడు మీకు తెలియును.

తల్లిదండ్రులకు ఒక మనవి. పదవ తరగతి పరీక్షలు మార్చి మధ్యనుండి జరుగును. ఆ కారణమున ఆ తరగతివారిని ప్రతియేట ఈ విహారమునకు పంపరు. తొమ్మిదేండ్లు మనకడ చదివి, చుట్టునున్న కొండ పూయుట నొకమాఱైనను చూడక పోవుచున్న పిల్లలను నేనెఱుగుదును. తరువాత వారు హైదరాబాదుననో, అంతకంటె దూరముననో ఉందురు. ఉదయము ఆఱింటికి బయలుదేరి పదింటికి తిరిగి రావచ్చును. నాలుగు గంటలకు మార్కులు తగ్గవని గణితోపాధ్యాయులు గూడ నాతో నొప్పుకొనిరి. అనుమతిపత్రములు కార్యాలయమున నున్నవి. శనివారమేదో గురుతుచెట్టును చూచి నాలుగు దినముల ముందు సూచనాఫలకమున వ్రాయుదును.

ఈ వ్యాసమును అచ్చున కిచ్చుచున్న నేటి యుదయమున చెఱువుకట్టకు పోయి చూచితిని. ఆకు మడచితిని, విఱుగలేదు, తెల్లని గీత పడినది. మొగ్గలు మినపగింజలంత యున్నవి, ఇంకను నల్లగనే యున్నవి.